అమ్మకు కొన్న కరెంటు బ్రష్షు

నాయినా,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఎట్లా ఉన్నావని అడగను. బతికున్నప్పుడు ఆ మాట అడిగితేనే "నాకేమైంది, గుండ్రాయి లెక్క ఉన్న" అని కసిరేవాడివి. ఇప్పుడు అడిగి ఏం లాభం?

అందరూ నీ గురించి మంచే చెబుతున్నారు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దని నాకూ చెబుతున్నారు. నేను పెట్టుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. పళ్లు తోముకునే ఒక బ్రష్షు గురించి రాస్తున్నాను. నవ్వకు... నవ్వే సంగతి కాదు.

అమ్మ ఇప్పుడు నల్గొండలో నా దగ్గరే ఉంటోంది. నీ దినాలు అయిన వారానికి నీ అల్లుడు హాలియా వెళ్లి ఆమెను, ఆమె రెండు సంచులను బస్సెక్కించి తీసుకొచ్చాడు. తమ్ముడు శ్రీను వద్దనలేదు. ఉండమని కూడా అనలేదు.

వచ్చిన మూడో రోజు పొద్దున నేను బట్టలు ఆరేస్తున్నాను. అమ్మ నల్లా దగ్గర నిలబడి ఉంది. కుడి మోచెయ్యి గోడకు ఆనించి, బ్రష్షును నోట్లో కదలకుండా పట్టుకొని, తల ఊపుతోంది. చెయ్యి కదలట్లేదు నాయినా. తలే అటూ ఇటూ పోతోంది... ఉమ్మితే ఎర్రగా పడింది.

"ఏందమ్మా గది?" అన్నాను.

"చెయ్యి తిరుగుత లేదు బిడ్డా. తల తిప్పితే అయితది గదా," అంది, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

ఎన్నాళ్ల నుంచి అంటే, నోరు పుక్కిలించి లోపలికి పోయింది. నీకు తెలుసా? ఒకే ఇల్లు, ఒకే నల్లా... ఒక్క పొద్దునైనా అటు చూశావా?

నువ్వు కాలువ ఒడ్డున పుట్టినవాడివి. సాగర్ కాలువ మీద లస్కర్‌గా తూములు ఎత్తి దించే నౌకరీ చేశావు. నీళ్లు నీ చేతిలో ఉండేవి. అమ్మది మునుగోడు అవతల బోరునీళ్ల పల్లె. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఆమె చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే గోధుమరంగు చారలతో వచ్చాయట. ఆ తర్వాత భుజం, మణికట్టు, వేళ్లు... ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి. ఇప్పుడు ఆ ఊరికీ మంచి నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. అమ్మ ఎముకల్లో దిగాల్సింది అంతకుముందే దిగిపోయింది.

ఆ పళ్లు పెళ్లిచూపుల్లోనే చూశావు. చూసే ఒప్పుకున్నావు. మరి తర్వాత ఎందుకు ఆమెను అంతగా పీక్కుతిన్నావు?

"నోరు మూస్కోని నవ్వు. పండ్లు కనవడ్తయ్."

ఈ మాట ఎన్నిసార్లన్నావో నీకు గుర్తుండదు. నాకు మాత్రం ఒకసారిది బాగా గుర్తుంది. నా పెళ్లిలో ఫోటో తీసేటాయన అందరినీ వరుసగా నిలబెట్టాడు. అమ్మ సంబరంగా నవ్వింది. నువ్వు నలుగురిలో ఆ మాటన్నావు. పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది, ఆ రోజంతా తియ్యలేదు. నా పెళ్లి ఆల్బంలో అమ్మకు కళ్లే ఉన్నాయి నాయినా. మూతి లేదు.

ఇంకొకటి కూడా రాస్తాను. జర్దా నమిలి నమిలి నీ పళ్లు పోయినప్పుడు నువ్వు హైదరాబాద్ వెళ్లి మంచి దవాఖానలో కట్టుడు పళ్లు చేయించుకున్నావు. తప్పని అనను. కానీ వాటిని రోజూ సాయంత్రం కడిగిందెవరు? అమ్మ ముక్కాలిపీట మీద కూర్చొని, బ్రష్షును రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకొని, నీ పళ్లను దాని మీద రుద్దేది. "జర తెల్లగ కడుగు," అనేవాడివి మంచం మీది నుంచి. అమ్మ పళ్లు చూపించుకొస్తానని నేనడిగితే ఏమన్నావు?

"గా పండ్లకు ఎంత పెట్టినా గట్లనే ఉంటయ్. దండుగ."

నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని తూము దగ్గర చేపలు చూపించిన మనిషివి కూడా నువ్వే. అది గుర్తొచ్చినప్పుడు కోపం తగ్గుతుందనుకుంటావేమో... ఇంకా పెరుగుతుంది. ప్రేమగా ఉండడం చేతకాక కాదు కదా నీకు?

సరే. ఆ వారమే కుట్టు మిషన్ మీది జాకెట్లు పక్కన పెట్టి అమ్మను పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. చిన్న వయసు డాక్టరమ్మ. నోరు తెరవమంటే అమ్మ కొంగు పట్టుకొని నన్ను చూసింది. తెరవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పినా నువ్వు నమ్మవు.

"ఈ చారలు తోమితే పోయేవి కావమ్మా. పంటి పొరలోనే ఉన్నాయి. మీరు శుభ్రం లేక వచ్చినవి కావు," అంది డాక్టరమ్మ.

అమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. "నా తప్పు కాదా?" అని అడిగింది.

"మీ తప్పెట్లా అవుతుంది?"

అరవై దాటిన మనిషికి ఆ మాట వినడానికి అంతకాలం పట్టింది. ఎవరి వల్ల నాయినా?

కానీ చిగుళ్లు బాగా లేవు. చెయ్యి ఆడక లోపలి వైపు అసలు తోముకోవట్లేదట. కింద ముందరి నాలుగు పళ్లు కదులుతున్నాయి. ఇట్లాగే వదిలేస్తే నాలుగూ పోతాయంది. కరెంటుతో తిరిగే బ్రష్షు కొనమంది. పంటి మీద ఆనించి పట్టుకుంటే చాలు, అదే తోముతుందట. ఖరీదైనది కూడా అక్కర్లేదంది. తోమే చివరి కుచ్చు చిన్నగా, మెత్తగా ఉండాలి. గట్టిగా నొక్కితే ఆగేదో, లైటు వెలిగేదో అయితే మంచిది. పిడి లావుగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, మూడు నెలలకొకసారి మార్చే ఆ కుచ్చులు విడిగా దొరుకుతాయో లేదో, వాటి ధరెంతో చూసుకోమంది.

ఆ చివరి మాట నేను చెవికెక్కించుకోలేదు. ఫోన్లో చూస్తే ఒకటి ఏడువందలకే ఉంది. పాత ధర కొట్టేసి పక్కన కొత్త ధర ఎర్రగా వేశారు. ఆశపడి తెప్పించాను. సెల్లులతో నడిచేది. అమ్మ నోట్లో పెట్టుకుంటే జివ్వుమంది తప్ప తిరగలేదు. కొంచెం ఆనిస్తే ఆగిపోయింది. కుచ్చులు విడిగా ఎక్కడా లేవు. వాపస్ పంపేశాను. మిగతావి చూస్తే ఒకటి నాలుగువేలు, ఒకటి ఆరువేలు... ఏది ఎందుకు ఎక్కువో అర్థం కాలేదు.

ఆ సంగతి శ్రీనుకు ఫోన్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ముసల్దానికి కరెంటు బ్రష్షేందక్కా? నలుగురు నవ్వుతరు. గా పండ్లను ఎవలు చూడొచ్చిన్రు?"

నీ గొంతే అనుకున్నాను. నిజంగా ఒక్క క్షణం నువ్వే లేచొచ్చావేమోనని ఫోన్ చెవి నుంచి తీసి పేరు చూశాను. ఆస్తి ఏం పంచిచ్చావో తెలియదు గానీ, ఆ నోరు మాత్రం వాడికి పూర్తిగా ఇచ్చిపోయావు.

"నీకు పళ్లొచ్చేదాకా అన్నం మెదిపి పెట్టింది ఆ ముసల్దేరా," అని ఫోన్ పెట్టేశాను.

మరుసటి రోజు గడియారం చౌరస్తా దగ్గర సందులో పళ్ల సామాను అమ్మే దుకాణానికి వెళ్లాను. ఆయన ముందు పెద్ద డబ్బా తీశాడు.

"ఇది ఫోన్‌కు కలుస్తది మేడం. ఏ పన్ను ఎంతసేపు తోమిన్రో మొత్తం చూపిస్తది."

"మా అమ్మకు చదువు రాదన్నా. తిరగాలె, మెత్తగ ఉండాలె, కుచ్చులు దొరకాలె. అంతే."

"అట్లయితే గిది తీస్కోండ్రి," అని కిందనుంచి ఇంకొకటి తీశాడు. ఛార్జింగ్ పెట్టేది. రెండు నిమిషాలకు దానంతటదే ఆగుతుంది. నొక్కితే ఎర్ర లైటు. పిడి లావు. రెండువేలన్నాడు. ఫోన్లో అదే రకం చూసి పద్దెనిమిది వందలుందని చూపించాను. ఆయన గొణిగాడు, నేను లేచాను, ఆయన పిలిచాడు. పదహారు వందలకు ఒక కుచ్చు అదనంగా తెచ్చుకున్నాను. రెండేళ్ల గ్యారంటీ కాగితం మీద సంతకం, ముద్ర కూడా వేయించుకున్నాను. మంచి బేరమే చేశాను. నీ దగ్గర నేర్చుకున్నదేనంటావేమో... కాదు.

మొదటి రోజు అమ్మ నోట్లో పెట్టుకోకముందే మీట నొక్కింది. పేస్టంతా అద్దం మీద, నా కళ్లజోడు మీద చిందింది. "తుమ్మెద లెక్క గుయ్యిమంటాంది!" అని బ్రష్షును బకెట్లో పడేసింది. నీళ్లలో పడినా పాడు కాలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. పళ్లకు ఆనించాకే మీట నొక్కాలని నేర్పాను. పిడి వేళ్ల నుంచి జారుతుంటే పాత లైనింగు గుడ్డతో దానికి ఒక తొడుగు కుట్టాను.

వారానికి తల ఊపడం ఆగింది. నెలకు నెత్తురు ఆగింది. ఆ నాలుగు పళ్లలో ఒకటి పోయింది. మూడు నిలిచాయి. ఆ ఒకటి కూడా, ముందే చూపించి ఉంటే పోయేది కాదంది డాక్టరమ్మ. ముందంటే ఎప్పుడు నాయినా? నేను అడిగినప్పుడా? నువ్వు దండుగ అన్నప్పుడా?

చిగుళ్లు బాగయ్యాయని అమ్మ మారిపోయిందనుకోకు. ఎవరైనా ఇంటికొస్తే కొంగు మూతి మీదకు పోతూనే ఉంది. నా కూతురు జోకు చెప్పినా అంతే. ఎంత ఖర్చుపెట్టినా నువ్వు చేసింది తుడిచే బ్రష్షు ఏ దుకాణంలోనూ దొరకదు. ఆ సంగతి నాకు అర్థమైంది, అందుకే ఇన్ని నెలల్లో నీ ఫోటోకు దండ మార్చలేదు. ఎండిపోయినదే ఉంది.

పోయిన నెల అమ్మ ఉన్నట్టుండి అంది, "మా చెల్లెకు గూడ గిసొంటిదే ఒకటి తీస్కోవాలె బిడ్డా. దాని చెయ్యి నాకంటె అధ్వానం." చిన్నమ్మ లక్ష్మమ్మ ఇంకా ఆ పుట్టింటి ఊళ్లోనే ఉంది కదా. నేను తెస్తానంటే ఒప్పుకోలేదు. "నేనే వస్త," అంది.

అదే దుకాణం. ఈసారి గల్లా దగ్గర ఆయన లేడు, ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. అమ్మను చూసి గట్టి కుచ్చులదొకటి ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, గిది తీస్కోండ్రి. గట్టిగ రుద్దితే పచ్చదనమంత పోతది, తెల్లగయితయ్."

నేను నోరు తెరిచేలోపే అమ్మ కొంగు పక్కకు లాగింది. బల్ల మీదకు వంగింది. నోరు బాగా తెరిచి, వేలుతో పెదవి కిందకు లాగి చూపించింది. దుకాణంలో ఇంకో ముగ్గురున్నారు. అందరూ చూశారు.

"జర మంచిగ చూడయ్యా. గివి బోరునీళ్లు తాగిన పండ్లు. పండ్లు మొలిచినప్పుడే వచ్చిన మచ్చలు. నువ్వు రుద్దినా పోవు, నీ అయ్య రుద్దినా పోవు. డాక్టరమ్మ చెప్పింది, మెత్తటిదే వాడమని. గట్టిది అంటగట్టి మా చెల్లె చిగుర్లు పోగొడ్తవా? మెత్తటిది తియ్యి. నా బిడ్డకు పదహారు వందలకిచ్చిన్రు. ఇది రెండోది. ఇప్పుడు ఎంతకిస్తవో చెప్పు."

ఆ మనిషి గట్టిది పక్కన పెట్టి మెత్తటిది తీశాడు. పదిహేను వందలన్నాడు. అమ్మ కదల్లేదు. పద్నాలుగు వందలు, రెండు కుచ్చులు అదనం. గ్యారంటీ కాగితం తానే అడిగి తీసుకుంది, చదవడం రాకపోయినా ముద్ర ఉందో లేదో వేలు పెట్టి చూసింది.

నేను పక్కన నిలబడి ఏడ్చాను నాయినా. సంతోషానికి కాదు. ఆ గొంతు అమ్మకు మొన్న కొత్తగా రాలేదు. ఎప్పుడూ ఉంది. నలభై ఏళ్లు దాన్ని ఎక్కడ దాచిపెట్టుకుంది? మా చిన్నప్పుడు ఆ గొంతుతో ఆమె మాకేం చెప్పి ఉండేదో... అదంతా నువ్వు తినేశావు. దాన్ని నాకెవరిస్తారు?

వచ్చే నెల నీ సంవత్సరీకం. శ్రీను కోడికూర, కల్లు, నీకిష్టమైనవన్నీ ఫోటో ముందు పెడతానన్నాడు. చుట్టాలకు చెప్పేశాడు. అమ్మను పంపమని ఫోన్ చేశాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఆనాడు నాకు పనుంది కొడుకా. మా చెల్లెకు బ్రష్షు నేర్పియ్యాలె, పోత," అంది.

వాడు అరిచాడు. జనం ఏమనుకుంటారన్నాడు. అమ్మ విన్నది, "అనుకోనియ్యి," అని ఫోన్ నాకిచ్చి బియ్యం ఏరడానికి కూర్చుంది. ఆమె ఇంకో రోజు వెళ్లొచ్చు కదా అని నేను అనలేదు. అనను కూడా. పొద్దున తొమ్మిదిన్నర బస్సుకు నేనే ఆమెను తీసుకెళ్తాను.

నువ్వు కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. ఆ రోజు నీ ముందు విస్తరి ఉంటుంది, నీ కొడుకు ఉంటాడు.

తిను.

నీ బిడ్డ,
సునీత