వాలిన నిలువుగీత

మార్చి 9, ఆదివారం

పొడుగుకి,

నీ పొట్టి రాస్తున్నది. మేమంతా కులాసా. మీ నాన్నగారి మోకాలు నొప్పి నెమ్మదించిందని విన్నాను, సంతోషం. ఏడాదిగా నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నావు, నీకు ఉత్తరమేమిటా అనుకుంటున్నావేమో. ఫోన్ చేస్తే ఎత్తవు. ఉత్తరమైతే చింపేముందు ఒక్కసారి చూడకుండా ఉండలేవు. నీ సంగతి నాకు తెలియదా!

విషయం మన రైఫిల్ గురించి. క్లబ్బుదే అయినా మనిద్దరం తప్ప ఎవరూ ముట్టని ఆ పాయింట్ టూ టూ రైఫిల్. కిందటేడు పోటీలో రెండు వందల మీటర్ల ఇనప పలక దగ్గర ఏం జరిగిందో నీకు గుర్తుచేయనక్కర్లేదు. దుర్భిణిలో చూస్తూ గాలి ఎటుందో నువ్వు చెప్పావు, నేను కాల్చాను, ప్రతి బుల్లెట్టూ పలకకు కుడిపక్కగా పోయింది. నీకు గాలి చదవడం రాదని నేనన్నాను. నేను ట్రిగ్గర్‌ని తలుపు గొళ్ళెంలా లాగుతానని నువ్వన్నావు. అందరి ముందూ అన్నావు.

మొన్న రైఫిల్ మీద గురి చూసే ఆ స్కోపు విప్పాను. ఈ చిన్న బుల్లెట్ నింపాదిగా పోతుంది కదా, యాభై మీటర్లకు కుదిర్చిన గురితో రెండు వందలకు కాలిస్తే మనిషెత్తు కిందికి దిగిపోతుంది. దాన్ని పైకి తేవడానికి పై నాబ్ తిప్పి తిప్పి, ఇక తిరగనని మొరాయించేదాకా తెచ్చేవాళ్ళం. అందుకని స్కోపు కింద వెనకవైపు ఎత్తుగా, ముందుకు వాలుగా ఉండే పట్టీ వేద్దామనుకున్నాను. విప్పేముందు పాత బిగింపు ఎలా ఉందో చూడాలనిపించింది. రైఫిల్‌ని బల్ల మీద మట్టం చూసి నిలబెట్టి, ఎదురుగోడకు దారం కట్టి, దాని కొసన బరువు వేలాడదీసి, స్కోపులోంచి చూద్దును కదా, లోపలి నిలువుగీత ఆ దారంతో కలవనే లేదు! పైభాగం కుడివైపు వాలి ఉంది.

దుకాణంవాడు బిగించి ఇచ్చింది ఇచ్చినట్టే వాడుకున్నాం. దగ్గరలో కాలిస్తే ఆ వాలు తెలియదు. దూరానికని నాబ్ తిప్పినకొద్దీ బుల్లెట్ పైకి పోతూ కుడికీ జరుగుతుంది. రెండు వందల దగ్గర నాలుగు వేళ్ళ మేర. అంటే నీ గాలీ సరైనదే, నా వేలూ సరైనదే. క్లబ్బు పెద్దాయనకు చూపిస్తే, "ఇన్నాళ్ళూ మీరు మూతులు ముడుచుకున్నది ఈ నాలుగు స్క్రూల కోసమా తల్లీ" అని పడీ పడీ నవ్వాడు. నువ్వన్న మాట మాత్రం నేను మర్చిపోలేదు.

మళ్ళీ మొదట్నుంచీ అమర్చాను. నీ అంత పొడుగు మనిషి మా చిన్నాడపడుచే కదా, దాన్ని బోర్లా పడుకోబెట్టాను. కళ్ళు మూసుకుని చెంప ఆనించి, తెరవగానే అద్దం నిండా పలక కనబడాలి, అంచుల్లో నల్లనీడ ఉండకూడదు. ఆ చోటు దొరికేదాకా స్కోపుని ముందుకీ వెనక్కీ జరిపాం. తల కాస్త కదిపినా గీత పలక మీంచి జారకుండా పక్క నాబ్ సరిచేశాం. ఏ స్క్రూనీ ఒకేసారి బిగించేయకుండా అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించాను. కాల్చింది మాత్రం తనే. నేను దూరంగా, గేటు బయట నిలబడి ఫోన్లో చెప్పాను. యాభైకి కుదిరాక రెండు వందలకు వెళ్ళాం. "వదినా, మోగింది! వదినా, మళ్ళీ మోగింది!" అని అది అరుస్తుంటే నాకు మన మొదటి రోజులు గుర్తొచ్చాయి.

వచ్చే నెల పోటీకి నీ పేరూ దాని పేరూ ఇచ్చేశాను. నిన్ను అడగలేదు, అడిగితే కాదంటావని. కాల్చేది నువ్వు, గాలి చెప్పేది అది. నీ అంత బాగా చెప్పలేదు కానీ నీ నోటికి తట్టుకోగలదు. నేనెందుకు కాల్చనంటావా, ఈ ఏడు నాకు తీరిక లేదు.

మీ నాన్నగారికి నమస్కారాలు. ఉంటాను.

పొట్టి

తా.క. తీరిక లేదన్నది వట్టి మాట. నాకు నాలుగో నెల. తుపాకీ చప్పుడుకీ, సీసం పొగకీ దూరంగా ఉండమని డాక్టరమ్మ చెప్పింది. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు కాబట్టి ఈసారి ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆడపడుచుకి కూడా. ఆ రెండుసార్లూ ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది నువ్వే. నాకు భయంగా ఉంది. పోటీకి రాకపోయినా ఫరవాలేదు, ఒకసారి ఇంటికి రావే.