దుప్పటి రెండో కొస

అక్కా,

నా సంగతులు దాస్తున్నానని కోప్పడ్డావు కదా, ఇదిగో రాస్తున్నాను. ఆయన పోయాక ఇల్లు మింగేస్తుంటే ప్రార్థన మందిరానికి వెళ్తున్నాను. గూడు లేనివాళ్లు తలదాచుకునే ఆశ్రమం దుప్పట్లను వారం వారం మందిరానికి వచ్చే ఆడవాళ్లం వెనక గదిలో దేవుడి పనిగా ఉతికి ఇస్తాం. మందిరం పెద్దాయన ఆ గది తాళంచెవి నాకిచ్చి, "ఇకమీదట నువ్వు నడిపించమ్మా" అన్నారు.

తడి దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. కానీ ఇక్కడివాళ్లెవరు పట్టుకున్నా నాకు నచ్చినట్టు పిండరు, సగం నీళ్లు అందులోనే ఉండిపోతాయి. అందుకని గోడకి కొక్కెం కొట్టించి, ఒక కొస దానికి తగిలించి, రెండోది నేనే మెలిపెడుతున్నాను. కొక్కెం ఆలస్యంగా రాదు, పేచీ పెట్టదు. మనుషులే ఒక్కొక్కరుగా మానేశారు. పోయిన వారం ప్రార్థన కూడా ఒక్కదాన్నే చెప్పుకుని, ఏడ్చి వచ్చాను. ఈసారి తాళంచెవి ఇచ్చేస్తాను. మళ్లీ ఆ గడప తొక్కను.

ఒంటరిదైపోయిన
నీ చెల్లి

అక్కా,

తాళంచెవి నా దగ్గరే ఉంది. ఇవ్వడానికి వెళ్తే పెద్దాయన ఇంకా రాలేదు. మెట్ల మీద దర్జీ భార్య కూర్చుని ఉంది. అందరికంటే ముందు మానేసింది ఆవిడే. ఎందుకు మానేశావని కాస్త దురుసుగానే అడిగాను.

"ఏం చెయ్యమంటారు వదినా? నా చేతిలో దుప్పటి లాక్కుని కొక్కేనికి తగిలించారు. దానికున్న పాటి విలువ నాకు లేదా అనిపించింది. ఇంట్లో తోచకే కదా మేమూ వచ్చేది."

తల కొట్టేసినట్టయింది. తాళం తీసి, ఒక దుప్పటి ఉతికి, కొస ఆవిడకి అందించాను. ఇద్దరం ఒకే వైపు తిప్పాం, చుక్క రాలేదు. "మీరటు తిప్పండి, నేనిటు" అని నవ్వింది. నీళ్లన్నీ మా కాళ్ల మీదే పడ్డాయి. ఆవిడ ప్రార్థన ఎత్తుకుంటే నేను అందుకున్నాను. పెద్దాయన నడిపించమన్నారు కానీ ఒక్కదాన్నే నడవమనలేదు కదా అక్కా. వచ్చేముందు కొక్కెం పీకేశాను.

నీకు చెప్పని మాట ఒకటుంది. మా ఇంట్లో దుప్పటి పిండేటప్పుడు రెండో కొస ఎప్పుడూ ఆయనే పట్టుకునేవారు. అక్కడ ఇంకొకరి చేతులు చూడలేకే ఆ కొక్కెం. ఆయన కప్పుకున్న దుప్పటిని ఆయన పోయినప్పటి నుంచీ ఉతకలేదు. ఇవాళ ఉతికాను. పిండబోతే రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. అలాగే భుజాన వేసుకుని, నీళ్లోడుతూ వెళ్లి, ఎవరుంటారో కూడా తెలియని పక్కింటి తలుపు తట్టాను.

నీ చెల్లి