అక్క విప్పిన ఇంజన్

అక్కా,

నువ్వు వెళ్ళిపోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉదయం నీ కారు స్టార్ట్ అయింది.

ఇంజన్ వేడెక్కిపోతోందని, హెడ్ అనే పైభాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే పలుచటి రేకు, హెడ్ గాస్కెట్, మార్చాలని నువ్వే పైభాగం విప్పావు. వారానికే హాస్పిటల్‌లో చేరావు. అప్పటి నుంచి కారు ఇక్కడ అమెరికాలో, కమ్మింగ్ ఊళ్ళోని మీ ఇంటి గరాజ్‌లో అలాగే ఉండిపోయింది. బావ అటువైపు వెళ్ళడమే మానేశాడు.

పోయిన నెల నాతో, "టో చేయించి స్క్రాప్‌కి ఇచ్చేద్దాం స్వాతీ, చూడలేకపోతున్నా," అన్నాడు.

"నేను ఫిక్స్ చేస్తా బావా. కొంచెం టైమ్ ఇవ్వు," అన్నాను.

హెడ్‌ను మెషిన్ షాప్‌లో చదును చేయించి, నువ్వు కొనిపెట్టిన స్టీల్ గాస్కెట్ వేశాను. బోల్టులన్నీ బిగించాక, పని నేర్చుకున్న యూట్యూబ్ వీడియో మళ్ళీ చూస్తే, బోల్టు రంధ్రాల్లో నూనె చుక్క కూడా ఉండకూడదట, ఉంటే బిగింపు సరిగ్గా కుదరదట. నేను తుడవలేదు. ఒకసారి నలిగిన గాస్కెట్ మళ్ళీ పనికిరాదు. నువ్వు కొన్నదాన్ని తీసేయడానికి చేతులు రాలేదు. అయినా తీశాను. కొత్త గాస్కెట్, కొత్త బోల్టులు తెప్పించాను. రంధ్రాలు శుభ్రంగా ఆరబెట్టి, మధ్య నుంచి అంచుల దాకా వరుస తప్పకుండా బిగించాను.

ఇంజన్ శబ్దం విని బావ చెప్పులైనా వేసుకోకుండా వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఎటు వెళ్దాం బావా?" అని అడిగాను.

"ఎటైనా పోనీ."

లేక్ దాకా వెళ్ళాం. అంత ఎండలోనూ టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదల్లేదు. తిరిగి బయల్దేరుతుంటే బావ తాళం కోసం చెయ్యి చాపాడు. ఇంటిదాకా తనే డ్రైవ్ చేశాడు.

నీ చెల్లి