నీళ్లు చూడని పడవ

నిజామాబాద్,
8 ఫిబ్రవరి, శనివారం.

బాపూ, నేను బాగున్నాను. ఈరోజు పొద్దున్నే ఒక వింత. చిన్న చిన్న పడవలు చేసే మా క్లబ్బు తలుపు తీయకముందే బడిపిల్లలు కొందరు గడప మీద కూర్చున్నారు! నేను గోడలకు అంటించిన కాగితాలు చూసి వచ్చారట. క్లబ్బులో నేను తప్ప అందరూ ముసలివాళ్లే. కొత్తవాళ్లు చేరకపోతే ఈ నెలాఖరుకు మూసేస్తామంటున్నారు.

ఆత్మారాం తాత మూడేళ్లు చెక్కిన టేకు పడవను అద్దాల పెట్టెలోంచి తీసి చూపించాడు. లాస్య అనే పిల్ల చెయ్యి చాపింది.

"ముట్టకు బిడ్డా, రంగు పోతది."

"గిది తేలుతదా తాతా?"

"ఏమో బిడ్డా" అంటూ తాత పడవను మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. ఆ పడవను ఎప్పుడూ నీళ్లలో పెట్టలేదు.

"తేలుతదో లేదో నీకే ఎరుక లేదా? గట్లయితే గిది షోకేసు బొమ్మనే!" అంటూ పిల్లలు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు.

చిన్నప్పుడు నాకు జొన్నకర్ర బెండుతో ఎడ్లబండి చేసిచ్చావు కదా, అలాంటి ఎండిన కర్రలు ఓ కట్ట పంపించు. పిల్లలు సొంతంగా పడవలు చేసుకుంటారు. చెరకు నరికేవాళ్లు దొరికారా? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆమెకు నా దండాలు చెప్పు.

కార్డు రాస్తుండగానే తాత వచ్చాడు. "మునిగితే మునుగనీ బిడ్డా. పొద్దున పిల్లలను తోల్కరా" అన్నాడు. రేపు తెల్లవారగానే వాళ్ల ఇళ్లకు పోయి, అందరినీ బోధన్ బస్సెక్కించి అలీసాగర్ చెరువుకు తీసుకుపోతాను. పడవను నీళ్లలో వదిలేది లాస్యే.

నీ బిడ్డ,
సౌందర్య