శుక్రవారం ఫోన్ మోగలేదు

జూలై 5, 2002. శుక్రవారం

ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. మా కొడుకు రాంచందర్ పనిచేసే గ్రానైట్ ఆఫీసులో కొత్తవి కొన్నారట, పాతది వీడి నెత్తిన పెట్టారు. స్విచ్ వేస్తే పిండిగిర్నీ మోత. మనవరాలు వినోదకు మాత్రం పండుగ. దానికిప్పుడు ఇంటర్నెట్ కావాలట, స్నేహితులకు ఉత్తరాలు రాసుకోవడానికి. పోస్టాఫీసు మా సందు చివరే ఉంది. ఇన్నేళ్లలో ఒక్క కార్డు రాసిన పాపాన పోలేదు.

కనెక్షన్ పెట్టడానికి కొండల్ వచ్చాడు. కంప్యూటర్ షాపు అతనిది. షాపుకు సెలవు కాబట్టి శుక్రవారమే వీలవుతుందట. నా ఫోన్ తీగకు ఇంకో తీగ అతికించి, మోడెం అనే పెట్టెలో దూర్చాడు. అది పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా అరుస్తూనే ఉంది. కనెక్షన్ రాలేదు. పాత మిషన్ గదా మేడం, జర ఓపిక పట్టాలె అని నాకే నీతి చెప్పి పోయాడు. బడిలో ఇలాంటి వాళ్లను బెంచీ ఎక్కించేదాన్ని.

ఈ గోలలోనే ఎదురింటి ముబీనా వచ్చి గడప పక్కన కూర్చుంది. మా సందులో ఇంకే ఇంట్లోనూ ఫోన్ లేదు. గల్ఫ్‌కు పోయిన వాళ్లందరి దగ్గరా ఉన్నది మా నంబరే. అక్కడ సెలవు శుక్రవారం, అందుకే కాల్స్ అన్నీ ఈ మధ్యాహ్నమే. నా నియమం అందరికీ తెలుసు. ఫోన్ పక్కన టైంపీసు ఉంటుంది. ఐదు నిమిషాలు. తర్వాత నేను దగ్గుతాను.

ముబీనా భర్త అమ్జద్ దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. జుమ్మా నమాజు కాగానే టెలిఫోన్ బూత్‌లో వరుస కట్టి మరీ చేస్తాడు. ఈరోజు చేయలేదు.

జూలై 8

కొండల్ ఏదో సీడీ మరిచిపోయాడట. మళ్లీ శుక్రవారమే.

జూలై 12. శుక్రవారం

ఈరోజు కనెక్షన్ వచ్చినట్టే వచ్చి పోయింది. అప్పుడే నేను ఫోన్ పనిచేస్తున్నదో లేదో చూద్దామని రిసీవర్ ఎత్తాను. లోపల ఉడుకు నూనెలో నీళ్లు పడ్డ చప్పుడు. ముట్టకు బాపమ్మా, నువ్వు ఎత్తితెనే కట్ అయింది అని వినోద అరిచింది. నా ఫోన్ నేను ముట్టకూడదు! సాయంత్రం దాకా ముట్టలేదు.

ముబీనా రెండుసార్లు వచ్చి అడిగింది. ఫోన్ మోగలేదని ఉన్నమాట చెప్పాను. పిల్ల మొహం చిన్నబోయింది. ఓదార్పు కోసం లేనిది చెప్పడం నాకు చేతకాదు.

జూలై 16

ముబీనా అత్త అజ్రా కరివేపాకు కోసం వచ్చింది. కరివేపాకు సాకు. నా కొడుకు ఏ జుమ్మా తప్పలేదు టీచరమ్మా, గీ పిల్ల మొన్న ఫోన్ల ఏం మాట జారిందో, గందుకే అలిగిండు అన్నది. ఈ శుక్రవారం కూడా చేయకపోతే పిల్లను భైంసాకు, తల్లిగారింటికి పంపిస్తుందట. కొడుకు పిలిపించుకుంటేనే మళ్లీ రావాలె అన్నది. నీ ఇంట్లనే ఉన్నది గద ఫోను, మోగిందా, నువ్వే చెప్పు అని నిలదీసింది.

మోగలేదన్నాను. నా మాట మీద ఈ సందులో ఎవరికీ అనుమానం ఉండదు.

జూలై 19. శుక్రవారం

ఇంటర్నెట్ వచ్చింది. వినోద ఎగిరి గంతేసింది. కొండల్ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాడట, వచ్చే మంగళవారం కొండగట్టు పోతాడట. ఇంతా చేసి, ఒక ఫొటో పైనుంచి దిగడం మొదలుపెడితే నేను చాయ పెట్టి తాగి గ్లాసు కడిగేసరికి నుదురు దాకా వచ్చింది. ఎవరి నుదురో తెలియకముందే నాకు విసుగొచ్చింది. వినోద కుర్చీ వదల్లేదు. అన్నం కూడా అక్కడికే.

అజ్రా మూడోసారి కేకేసి అడిగింది. గడపలో నిలబడే లేదన్నాను.

ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. చాలా రోజులకు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూలై 20. శనివారం

ఇది రాసే తీరాలి.

రాంచందర్ పొద్దున క్వారీ నుంచి వచ్చీరాగానే నా మీద లేచాడు. నిన్న బస్ దొరకలే, రాత్రికి రానని చెప్పుదామని పొద్దుమూకేదాంక చేసిన, ఎప్పుడు చేసినా ఎంగేజే, గంతసేపు ఎవరితోని ముచ్చట పెట్టినవ్ అవ్వా అన్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు, అసలు ఫోనే మోగలేదు అన్నాను. అంటుండగానే నా మాట నాకే వినపడింది.

వినోదను పిలిచి అడిగాను. నెట్ల ఉంటే బయటికెల్లి ఎవరు చేసినా ఎంగేజే వస్తది బాపమ్మా, గది నీకు తెల్వదా అన్నది. తెలియదు. చెప్పలేదేమన్నాను. నువ్వు అడగలే అన్నది.

మూడు శుక్రవారాలు.

ఎదురింటికి పోయాను. అజ్రా ఒక్కతే ఉంది. ముబీనా ఇప్పుడే సూట్‌కేసుతో ఆటో ఎక్కిందట. చెప్పులు చూసుకోకుండా ఇంకో ఆటో ఎక్కాను. బస్టాండుకు పోయాక చూస్తే కాళ్లకు వినోద చెప్పులున్నాయి. భైంసా బస్ కదలబోతున్నది. కిటికీ పక్కన ముబీనా. కిందికి దిగమన్నాను. కండక్టర్ జల్ది జల్ది అంటున్నాడు. ఇది నా బస్ కాదు, నువ్వు ఆగు అన్నాను. ఆగాడు.

అందరూ వింటుండగానే చెప్పాను. అమ్జద్ చేయలేదని నేను చెప్పింది తప్పు. నా ఫోన్ ఖాళీగా లేదు.

అయితే చేసిండా టీచరమ్మా అని అడిగింది. కళ్లు అంత పెద్దవి చేసి.

అవునని ఎలా చెప్పను? నాకు తెలియదు బిడ్డా, ఈసారి లేదని మాత్రం చెప్పలేను అన్నాను. ముబీనా సూట్‌కేసు కిటికీలోంచి నా చేతికి ఇచ్చింది.

ఇద్దరం తిరిగొచ్చాక, అజ్రా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నీ కంప్యూటర్ డబ్బా మా ఇంట్ల తగాదా పెట్టె టీచరమ్మా అన్నది. దారి మాత్రం వదిలింది. వచ్చే శుక్రవారం చూస్తనన్నది.

జూలై 22

మోడెం తీగ బీరువాలో పెట్టి తాళం వేశాను. వినోద మాట్లాడటం లేదు. షాపుకు పోతూ కొండల్ పైసల కోసం వస్తే అడిగాను, ఎంగేజ్ సంగతి ముందే చెప్పిన గద మేడం అన్నాడు. చెప్పలేదన్నాను. చెప్పిన అన్నాడు. కొబ్బరికాయ ఎందుకైనా మంచిది, రెండు కొట్టమని పంపేశాను.

జూలై 25

ఒకవేళ అతను నిజంగానే చేయకపోతే?

జూలై 26. శుక్రవారం

ఫోన్ మోగింది. ముబీనా చేతికి పిండి అంటుకొని ఉంది, అట్లాగే ఎత్తింది. అమ్జద్ గొంతు వినగానే ఏడ్చింది. నేను టైంపీసు ఎత్తుకొని వంటింట్లోకి పోయి, కందిపప్పు డబ్బాలో పెట్టి మూత వేశాను.