సాంబారులో బొద్దింక

మంగళవారం, అడిక్‌మెట్ రూము

పొద్దున డిపార్ట్‌మెంట్‌ల నా సెమినార్ అయ్యింది. కస్టమర్ల రివ్యూలు ఏ సైట్‌ల ఎంత నమ్మొచ్చో పోల్చి చెప్పిన. ఫుడ్ యాప్‌ల ఆర్డర్ పెట్టినోళ్లే రాస్తరు కాబట్టి కొంత నయం, మ్యాప్‌లనైతే గడప తొక్కనోళ్లు కూడ రాయొచ్చు అన్న. సార్ మెచ్చుకున్నడు.

తర్వాత క్యాంటీన్‌ల నా రూమ్మేట్ స్రవంతి నవ్వుకుంట అన్నది, "నువ్వు చెప్పింది నిజమేనే. తార్నాకల మీ అక్క మెస్ మీద నేనే రాసిన, సాంబారుల బొద్దింక వచ్చిందని."

"నిజంగ వచ్చిందా?"

"లేదే. ఎదురుంగ కొత్త మెస్సోళ్లు గట్ల రాస్తే భోజనం ఫ్రీ అన్నరు. అందరు రాస్తున్నరు. గంత ఫీలైతవేంది?"

ఆ రివ్యూ చూసి అక్క పోయిన వారం వంటామె యాదమ్మను పనిలకెల్లి తీసేసింది. మెస్ పెట్టినప్పటిసంది వండిన మనిషి. నా వంటల బొద్దింకేందమ్మా అని ఏడ్చినా అక్క వినలే.

సాయంత్రం పోయి అక్కకు అంతా చెప్పిన. అక్క మొఖం తెల్లబోయింది. వెంటనే ఫోన్ చేసింది.

"తప్పు నాదే యాదమ్మా. రేపు రా."

"గోల్నాకల వేరే కాడ వంటకు కుదిరినమ్మా. గీ బొద్దింక ముచ్చట వాళ్లకు మాత్రం చెప్పకు, నీకు దండం పెడ్త."

రూముకొచ్చి స్రవంతిని ఆ రివ్యూ తీసెయ్యమన్న. తీస్తే భోజనం బంద్ అయితదట. పరీక్షలైనంక తీస్తదట.