ఎవరి ప్రూఫు వాళ్లు చూడకూడదు

ప్రియమైన బావా,

నీ ఉత్తరం అందింది. ‘వయసు మీద పడింది, పాతవన్నీ మరిచిపోయి ఒకసారి వచ్చి మా చెల్లెల్ని చూసిపో’ అని రాశావు. ఎందుకు మరిచిపోవాలి? ముప్ఫై రెండేళ్ల కిందట మీ ముందుగదిలో, మీ పెద్దవాళ్లందరి ముందు నేనన్న మాట ఇవాళ కూడా అంటాను.

నీ చెల్లెలికి ఒంట్లో చెప్పుకోలేని చోట పొక్కులు లేచి, జ్వరం వచ్చింది. అది పడక మీద ఒకరి నుంచి ఒకరికి అంటే వైరస్ అని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, ప్రెస్సులో వాడే భూతద్దం తీసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఒళ్లంతా వెతికాను. మచ్చ లేదు, పొక్కు లేదు. కామా తలకిందులైనా పట్టుకునే కళ్లు నావి. నాలో లేనిది తనకి ఎక్కడి నుంచి వచ్చినట్టు? అదే అడిగాను. ‘నేనెక్కడికి వెళ్లానండీ? రోజూ పొద్దస్తమానం మీ పక్కనే కూర్చుని రాతప్రతి పైకి చదువుతున్నాను కదా, మీరు ప్రూఫు దిద్దుకోవడానికి’ అంది. నేను వినలేదు. పెట్టె సర్దించి మీ ఇంట్లో దింపి, ‘ఈ జబ్బు బయటి నుంచి తెచ్చుకుంది’ అని అందరి ముందూ అన్నాను.

నన్ను కసాయివాడన్నావు. సరే. మరి నీ ఇంట్లో తనకి వేరే గ్లాసు, వేరే తువ్వాలు పెట్టిందెవరు? ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నాకు దయ గురించి పాఠాలు చెప్పకు.

నర్సు ఉద్యోగం చేస్తున్న మీ అమ్మాయి నీ ఉత్తరం అడుగున ఒక ముక్క రాసింది. ‘మావయ్యా, మీరెప్పుడైనా రక్తం పరీక్ష చేయించుకున్నారా? కంటికి కనపడకపోయినా ఒంట్లో ఉండొచ్చు.’ వేలెడంత పిల్ల నాకు చూడటం నేర్పుతోంది! చేయించుకుంటాను. ఆ కాగితం పటం కట్టించి మీ ముందుగదిలో తగిలిస్తాను.

ఇట్లు,
నువ్వే పేరు పెట్టిన భూతద్దం


బావా,

పటం సంగతి వదిలెయ్.

పరీక్ష చేయించిన డాక్టరు నాకు మనవరాలయ్యే వయసు పిల్ల. కాగితం చూసి, ‘ఉందండీ తాతగారూ’ అంది, వాన పడుతోందన్నంత మామూలుగా.

‘ఏముంది? నా జన్మలో ఒక్క పొక్కు రాలేదు!’

‘చాలామందికి రాదండీ. వచ్చినా ఏదో గీరుకుందనుకుని వదిలేస్తారు. అది నరాల్లో దాక్కుంటుంది. పుండు లేని రోజున కూడా చర్మం మీదికొచ్చి అవతలివాళ్లకి అంటుతుంది. మోసేవాళ్లకే తెలియదు.’

‘గ్లాసుతో, తువ్వాలుతో అంటుతుందా?’ అని అడిగాను. ఇది నీకోసం. ‘అలాంటిదేం లేదు’ అంది.

నా మొహం చూసి పాపం ఆ పిల్లకి జాలి వేసినట్టుంది. ‘ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రక్తం చెప్పదు లెండి’ అంది. బావా, దాక్కోవడానికి చక్కటి మూల చూపించింది. ఇదివరకటి నేనైతే అక్కడే చాప పరుచుకుని పడుకునేవాణ్ణి. రక్తం చెప్పకపోతే నేను చెబుతాను. పెళ్లికి ముందు, మెస్సులో ఉన్న రోజుల్లో, ఎదురు మేడమీద బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి రెండేళ్లు వెళ్లాను. మంచి మనిషి. ఆవిడ ఒంటి మీదా ఏమీ కనిపించలేదు. ఆవిడకీ తెలిసి ఉండదు. నీ చెల్లెలికి మాత్రం నేను తప్ప ఎవరూ లేరు. ఆ మాట నాకు ఆ రోజే తెలుసు.

మా ప్రెస్సులో ఒక నియమం ఉండేది. ఎవరు పేర్చిన పేజీకి వాళ్లు ప్రూఫు చూడకూడదు. తన తప్పు తన కంటికి ఒప్పుగానే కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆ నియమం చెప్పి చెవులు మెలిపెట్టినవాణ్ణి నేనే. అలాంటిది, భూతద్దం పట్టుకుని నా ఒంటి ప్రూఫు నేనే చూసుకుని, దోషం లేదని సంతకం పెట్టుకున్నాను.

తప్పు అచ్చయిపోతే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక అతికిస్తాం. నాదీ తయారు చేశాను:

తప్పు: నా భార్య ఈ జబ్బు బయటి నుంచి తెచ్చుకుంది.
ఒప్పు: నేనే తెలియక ఆమెకి అంటించాను.

ఆనాటి వాళ్లలో బతికున్నవాళ్లందరినీ ఆదివారం అదే ముందుగదికి పిలువు. ఇది పైకి చదువుదువుగాని. ప్రూఫు మాత్రం నేను చూడను. ఒక ప్రతి నీ చెల్లెలికి విడిగా పంపాను, మేడమీదావిడ సంగతితో సహా.

ఇట్లు,
భూతద్దం


బావా,

‘ఈ వయసులో రచ్చ ఎందుకు, నలుగురూ నవ్వుతారు, ఆ కాగితం చింపెయ్’ అని రాశావు. నవ్వనీ. తనని దోషిని చేసినప్పుడు పిలిచిన నలుగురు నన్ను దోషిని చేసేటప్పుడు ఎందుకు వద్దు? నువ్వు పిలవకపోతే ఇంటింటికీ వెళ్లి నేనే తలుపు కొడతాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

నీ చెల్లెలు ప్రూఫు తిప్పి పంపింది. ఎర్ర పెన్సిలుతో, నేను నేర్పిన గుర్తులతోనే. ఒక్క మాట కొట్టేసింది: ‘తెలియక’. దాని మీద ‘దాచి’ అని వేసింది. పక్కన ఇలా రాసింది:

‘వైరస్ సంగతి మీకు తెలియదు, ఒప్పుకుంటాను. మేడమీదావిడ సంగతి మీకు తెలుసు. ఆ ఒక్క ముక్క ఆ రోజు డాక్టరమ్మకి చెప్పి ఉంటే, మీ రక్తం కూడా అడిగేది. మిగతాదంతా సరిగ్గా ఉంది. అన్నయ్య చదవక్కర్లేదు. ఎప్పటిలాగే నేనే పైకి చదువుతాను. మీరు విని సరిచూసుకోండి.’

వాదించడానికి రెండు రోజులు ప్రయత్నించాను. నా దగ్గర ఇన్ని వందల పుస్తకాలున్నాయి, ఒక్కటీ నా పక్షం రాలేదు. ‘దాచి’ అనే ఉండనివ్వు. తను క్షమించానని రాయలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. కుర్చీ వేస్తే కూర్చుంటాను, వెయ్యకపోతే నిలబడే వింటాను. నీ తప్పొప్పుల పట్టిక నువ్వు రాసుకుంటే మంచిది. ప్రూఫు కావాలంటే నేను చూసిపెడతాను. ఒక్కటే కోరిక. నాకు మంచినీళ్లు ఇచ్చేటట్టయితే, ఇన్నేళ్లూ తనకి విడిగా పెట్టారే, ఆ గ్లాసులోనే ఇప్పించు. అందరూ చూస్తుండగా.

ఇట్లు,
నీ చెల్లెలి మొగుడు